మావయ్య తూటాల డబ్బా

మొన్న పొద్దున్న మోహింగా గిన్నె, మా బర్మా చేపపులుసు నూడుల్స్, ముందు పెట్టుకుని కూర్చున్నానో లేదో, ఊరికి ఆ చివరనున్న తాకేటా నుంచి బావ ఫోన్ చేశాడు. బావ అంటే మా మేనమామ కొడుకు. మామూలుగా ముందు కరెంటు సంగతి, తరవాత మోకాళ్ళ సంగతి చెప్పిగాని అసలు విషయానికి రాడు. ఆ రోజు నేరుగా, "నాన్న డబ్బా అటక మీద దొరికింది, నువ్వో పాలి రా" అన్నాడు. గొంతు తగ్గించి, మధ్యాహ్నం వార్డు ఆఫీసు వాళ్ళు ఇల్లు చూడడానికి వస్తారట అని కూడా చెప్పాడు. ఇంటింటికీ తిరిగి ఎవరెవరుంటున్నారో చూసుకుని పోవడం మాకు కొత్తేమీ కాదు. కానీ సైన్యం ఏలుతున్న ఈ రోజుల్లో ఇంట్లో ఒక్క తూటా కనబడితే, అది ఏ కాలం నాటిదని, ఏ జంతువు కోసం చేసిందని అడిగే ఓపిక ఎవరికీ లేదు. ముందు ఇంటి మగవాణ్ణి బండెక్కిస్తారు. గిన్నె అలాగే వదిలేసి మా సంచౌంగ్ నుంచి టాక్సీ కట్టించుకుని బయలుదేరాను.

దారి పొడుగునా మావయ్యే గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఓడరేవు వర్క్‌షాపులో ఫిట్టరు. కోడిని కోస్తుంటే చూడలేక పెరట్లోంచి వీధిలోకి వెళ్ళిపోయే మనిషి. పులిని బొమ్మల్లో తప్ప చూడలేదు, ఏనుగుకైతే దూరం నుంచే దండం పెట్టేవాడు. అలాంటి మనిషికి పెద్ద జంతువుల వేట తూటాలు పోగు చేసే పిచ్చి ఎలా పట్టిందంటే, పబేడాన్ బజారులో ఒక పాత ఇత్తడి కొట్టు వల్ల పట్టింది. ఆ కొట్టాయన్ని అందరూ ఊలే అనేవారు, బర్మాలో బాబాయి వరసన్నమాట. దొరలు దేశం విడిచి పోయాక వాళ్ళ బంగళాల అటకల మీది సామానంతా తిరిగి తిరిగి ఆ కొట్టుకు చేరేది. అత్త బిందె కొనుక్కురమ్మని పంపితే, మావయ్య చెయ్యంత పొడుగున్న ఇత్తడి తూటా గొట్టం ఒకటి జేబులో వేసుకుని వచ్చాడట. బిందె ఊసు ఎత్తలేదట. ఆ కథ అత్త ఎప్పుడు చెప్పినా గొట్టం ఇంకొంచెం పొడుగయ్యేది.

తూటా అడుగున చుట్టూ చెక్కిన అక్షరాలు చదవడం ఆయనకు పూజతో సమానం. ఆదివారం మధ్యాహ్నాలు గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం పెట్టుకుని వసారాలో కూర్చునేవాడు. మేము చుట్టూ చేరితే చెప్పేవాడు. మొదట నల్ల తుపాకిమందు కాలం, పేలిస్తే పొగ కమ్మేసి, పులి పడిందో మీదికే వస్తోందో తెలిసేది కాదు. తరవాత కార్డైట్ అనే మందు వచ్చింది. పొగ లేదు, గొట్టాలు చాలావరకు అవే, దెబ్బ మాత్రం ఎన్నో రెట్లు. ఆ కార్డైట్ పుల్లలు అచ్చం సేమియాలా ఉంటాయని చెప్పి, అత్త పాయసం చేసిన రోజున మా గిన్నెల్లోకి అనుమానంగా చూసేవాడు. ఆయనకు మరీ ఇష్టమైన కథ ఫోర్ ఫిఫ్టీ అనే సైజు తూటాది. ఒకప్పుడు వేటగాళ్ళందరి చేతిలోనూ అదే సైజు ఉండేది. పాత సైన్యం తుపాకులదీ అదే సైజు. తిరగబడేవాళ్ళ చేతికి తూటాలు చిక్కుతాయని భయపడి దొరతనం ఆ సైజును ఇండియాకు రానివ్వలేదు, బర్మా అప్పుడు అందులోనే ఉండేది. కంపెనీలు ఊరుకుంటాయా, ఫోర్ సెవెంటీ అని, ఫోర్ సెవెంటీ ఫైవ్ అని అంతకంటే లావువి తయారు చేశాయి. అక్కడికి వచ్చేసరికి మావయ్య భూతద్దం తీసేసి, కడుపు పట్టుకుని నవ్వేవాడు. మాకు అర్థం కాకపోయినా నవ్వేవాళ్ళం.

పిచ్చి ఉన్నా జాగ్రత్త ఉన్న మనిషి. చేతికి వచ్చిన ప్రతి గొట్టానికీ వర్క్‌షాపులో పక్కన చిన్న బెజ్జం వేయించి తెచ్చేవాడు. బెజ్జం ఉందంటే లోపల మందు లేదని ఎవరు చూసినా తెలుస్తుంది. ఒక్కదానికి మాత్రం వేయలేదు. టేకు అడవుల్లో దొరలకు వంట చేసిన ముసలాయన ఒకాయన చివరి రోజుల్లో మావయ్య చేతిలో పెట్టిన ఫైవ్ సెవెంటీ సెవెన్ అది. నా చిన్నతనపు బొటనవేలి కంటే లావు. గుండు, మందు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్న అసలు సిసలు తూటా. దానికి బెజ్జం వేయించడానికి ఆయనకు చేతులు రాలేదు. దసరాకు ఆయుధపూజ రోజున రెంచీలు, ఆకురాళ్ళ పక్కన తూటాలన్నీ వరసగా నిలబెట్టేవాడు. అత్త అన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టేది. ఆ ఒక్కదాన్ని మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. తడి తగలకూడదు, వేడి తగలకూడదు, పిల్లల నీడ కూడా పడకూడదు. మేమంతా గుమ్మం అవతల నిలబడి హారతి కళ్ళకద్దుకునేవాళ్ళం. విచిత్రమేమిటంటే, ఆయన బతికున్న చివరి దసరాకు తానే వేలు తడిపి దాని నెత్తిన కుంకుమ పెట్టాడు. పెద్దతనం వచ్చి చాదస్తం తగ్గిందనుకున్నాం.

నేను వెళ్ళేసరికి బావ వీధి తలుపు మూసి, వంటింట్లో పాత చీర పరిచి డబ్బా బోర్లించాడు. ఒక్కో గొట్టాన్నీ వెలుతురుకు పెట్టి బెజ్జం చూస్తున్నాడు. చూసినవి ఒక పక్కకు, చివరికి ఆ ఒక్కటి చీర మధ్యలో మిగిలింది. దాన్ని ఏం చెయ్యాలో మాకు తోచలేదు. పుజుండౌంగ్ వాగులో వేద్దామంటే వంతెన మీద సంచులు వెతుకుతున్నారు. పెరట్లో పాతిపెడదామంటే పక్కింటివాళ్ళ కిటికీ మన నెత్తి మీదే ఉంది. ఎవరికైనా అప్పగిద్దామంటే ఎక్కడిదని మొదలవుతుంది. బావ వేళ్ళు వణుకుతున్నాయి. అరవై దాటిన మనిషిని అలా చూడలేకపోయాను.

మూలన పీట మీద కూర్చుని తమలపాకు తొడిమలు తుంచుకుంటోంది అత్త. ఎనభై దాటాయి, చెవి కొంచెం మందం, నిన్నటి సంగతి నేడు గుర్తుండదు. తొడిమ పక్కన పారేసి అంది:

"ఏటిరా అలా వనికిపోతన్నావు? అందులో మందెక్కడిది, పసుపుంటేను."

బావ ఆవిడ వైపు జాలిగా చూశాడు. మతి తప్పిందనుకున్నాడు, నేనూ అనుకున్నాను. అత్త నింపాదిగా చెప్పుకొచ్చింది. బావ పాకే వయసులో ఒకరోజు ఆవిడ నీళ్ళబిందె దించుకుని వచ్చేసరికి, పిల్లాడు కుంపటి దగ్గర ఆ తూటాని దొర్లించుకుంటూ ఆడుతున్నాడట. మొగుడికి చెప్తే ఇంకో అటక వెతుకుతాడు తప్ప దాన్ని వదలడని ఆవిడకు తెలుసు. ఆయన డ్యూటీలో ఉండగా చెంగులో ముడేసుకుని పబేడాన్‌లో గంజాం నుంచి వచ్చిన కంసాలి దగ్గరకు పట్టుకెళ్ళింది. అతను గుండు ఊడదీసి, సేమియా అంతా తీసి తగలబెట్టి, అడుగున పేలే బిళ్ళను తీసేసి రాగిరేకు అతికించాడు. ఖాళీగా ఉంచడానికి ఆవిడకు మనసొప్పలేదు. అమ్మవారి ఘటం దగ్గర తెచ్చిన పసుపు కూరిపించి, బోలుగాజుల్లో పోసే లక్కతోనే గుండు మళ్ళీ బిగింపించింది.

"నమ్మకం నేదా? ఇలగియ్యి" అని చెయ్యి చాపింది. బావ ఇవ్వలేదు. ఆవిడే వంగి తీసుకుని, దీపం సెమ్మె మంట మీద గుండు కొన కాసేపు తిప్పింది. బావ నన్ను గోడ వైపు లాగేశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. లక్క కాలిన వాసన వచ్చింది. కళ్ళు తెరిచేసరికి అత్త కొంగుతో గుండు పట్టుకుని మెలితిప్పుతోంది. అది ఊడి వచ్చింది. చీర మీద రంగు పోయిన పసుపు కుప్పగా రాలింది.

బావ అక్కడే కూలబడి నవ్వాడు, వాళ్ళ నాన్న నవ్వినట్టే, కడుపు పట్టుకుని. నేను ఏడ్చాను. అంత హాయిగా ఏడ్చి ఎన్నాళ్ళయిందో.

తరవాత మావయ్య సుత్తితోనే గొట్టాలన్నీ రేకుల్లా అణగగొట్టి, పాత గరిటెల సంచిలో కలిపేశాం. ఇవాళో రేపో పబేడాన్‌కు, వచ్చిన చోటికే పోతాయి. ఒక్కో అక్షరం చదువుకుని మురిసిన మనిషిని తలుచుకుంటే సుత్తి ఎత్తినప్పుడల్లా బాధగానే ఉంది. అత్త ఆ పసుపును నీళ్ళలో కలిపి గడపకు రాయించింది. వార్డు వాళ్ళు దాన్ని దాటుకుని లోపలికి వచ్చి, మనుషుల్ని లెక్క చూసుకుని, టీ తాగి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక అత్తను అడిగాను, మావయ్యకు ఈ సంగతి తెలుసా అని. ఆవిడ ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది.

"తెల్సే ఉంటాది. నాను సెప్పనేదు, ఆయనా అడగనేదు."

అప్పుడు నాకు ఆ చివరి దసరా, తడిపిన వేలు, కుంకుమబొట్టు గుర్తొచ్చాయి. గుమ్మం అవతల ఊపిరి బిగబట్టి నిలబడ్డ మా చిన్నతనమంతా నిజానికి ఏ ప్రమాదమూ లేకుండానే గడిచిపోయింది, మాకది తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.