మా బావ పుస్తకానికి యానాం పాఠకులు

ఆ రోజుల్లో నాకు తిండి సహించకపోవడానికి జ్వరం కారణం కాదు, ప్రేమా కారణం కాదు. మా బావ పుస్తకం. బావ (మెట్టకూరు మావయ్య కొడుకు, నాకంటే కాస్త పెద్ద), నేను ఒకే యూనివర్సిటీలో పరిశోధన చేశాం. ఆయనది గోదావరి పాయల్లో వేసే వలల మీద, నాది యానాం తెలుగులో కలిసిపోయిన ఫ్రెంచి మాటల మీద. అలాంటి పుస్తకాలు వేయడానికి బయట ఎవరు ముందుకొస్తారు? అందుకని యూనివర్సిటీ లైబ్రరీయే ఆ పని తలకెత్తుకుంది. పరిశోధనలను పుస్తకాలుగా తీర్చి, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా తన వెబ్‌సైటులో పెట్టేది. ఇద్దరం ఒకేసారి ఇచ్చాం. బావది చకచకా వచ్చేసింది. నాది పండితుల పరిశీలనలో పడింది. వాళ్లు తిప్పి పంపడం, నేను దిద్ది పంపడం.

"మీ బావది వచ్చేసిందంట. నీదేదిరా?" అనేది అమ్మ, అన్నం వడ్డిస్తూ.

"చూస్తున్నారమ్మా."

"ఇంకా ఎంతమంది చూడాల్రా? పెళ్లిచూపులకైనా ఇన్నిసార్లు రారు."

పుస్తకాన్ని ఎన్నిసార్లు తెరిచారో, ఏ ఊళ్లో తెరిచారో పేజీ అడుగున లైబ్రరీవాళ్లు చూపించేవారు. అదే నా కొంప ముంచింది. పొద్దున్నే ఫోన్ తీసి చూస్తే అంకె పెరిగి ఉండేది. కడుపు మండిపోయేది. ఇందులో అంత ఏముందని పుస్తకం తెరిచి తప్పులు వెతికేవాణ్ణి (ఒక్క అచ్చుతప్పు దొరికినా ఆ పూట భోజనం బాగా సాగేది). గోదావరి గట్టు మీద టీ తాగుతూ మళ్లీ చూస్తే ఇంకా పెరిగేది. అన్నీ యానాం నుంచే. ఊరు ఊరంతా నాకు తెలియకుండా మా బావను చదువుతోందని, ఫోన్ చూసుకుంటున్న ఆటోవాళ్లను కూడా అనుమానంగా చూశాను.

ఇంతలో లైబ్రరీ ప్రచురణలు చూసే మేడమ్ ఫోన్ చేశారు. "మీ బావగారి పుస్తకానికి మీ ఊళ్లో మంచి ఆదరణ ఉందండీ. అక్కడే చిన్న సభ పెడుతున్నాం. పుస్తక పరిచయం మీరే చేయాలి."

"ఆయ్, అలాగేనండి" అన్నాను, పళ్లు కొరుక్కుంటూ. ఫోన్ పెట్టేసి, ఎవరబ్బా ఈ పాఠకులని మళ్లీ పేజీ తెరిచాను. అంకె నా కళ్లముందే ఒకటి పెరిగింది. మూసి తెరిచాను. మరొకటి పెరిగింది. యానాం పాఠకలోకమంతా మా ఇంటి ప్లాస్టిక్ కుర్చీలో ఒంటరిగా కూర్చుని ఉంది.

సభలో కాగితం చూడకుండా మాట్లాడాను. అంత పగతో చదివిన పుస్తకం కంఠతా రాకుండా ఎలా ఉంటుంది? ఏ వలకు ఎలాంటి కన్నుండాలో, ఏ ఆటుకు, ఏ పోటుకు ఏది వేస్తారో గడగడా చెప్పేశాను. జనం బాగానే చప్పట్లు కొట్టారు. శాలువా మాత్రం బావకే కప్పారు.

అంతా అయ్యాక బావ నన్ను పక్కకు లాక్కెళ్లాడు. "మావోళ్లందరూ ఫొటోలకొచ్చారు గానీ, ఒక్కడూ తెరిచి చూళ్లేదురా. మా నాన్నయితే, వలల గురించి నాకు నువ్వు చెప్పేదేంట్రా అన్నాడు. నువ్వు మాత్రం అక్షరం వదల్లేదు. నాకది చాల్రా." ఆయన కళ్లు తడిశాయి.

తరవాత నా పుస్తకమూ ఆ లైబ్రరీయే వేసింది. పండితులు మెచ్చుకున్నారు. తెరిచేవాళ్లే లేరు. అప్పటి ఆ కుళ్లుబోతు కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అలాంటివాడు నాకు ఒక్కడైనా దొరకలేదే అనుకున్నప్పుడు మాత్రం, బావ మీద మళ్లీ కాస్త కడుపు మండుతుంది.