పటంలో సామాన్ల గది

వీధి మొదట్లో, మూడడుగుల అరుగు మీద కుట్టుమిషన్ వేసుకుని కూర్చునే ఆమెను అందరూ మిషనక్క అనేవారు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. భర్త పోయి పదకొండేళ్ళు. అప్పట్నుంచీ ఆ మిషనే బతుకు. నోరు చూస్తే ఊరంత, గుండె చూస్తే పిట్టంత. మొదటి సంగతి వీధి మొత్తానికి తెలుసు, రెండోది ఆమెకు మాత్రమే తెలుసు.

ఆ భయం ఊరికే పట్టుకున్నది కాదు. తొమ్మిదేళ్ళ కిందట ఎవరో వచ్చి ఇంటింటికీ తిరిగి మనుషుల్ని లెక్కపెట్టుకుపోయారు. ఒక ఇంటి జాగాలో రెండు కుటుంబాలుంటే విడిగా గుర్తు పెట్టుకున్నారు. నెల తిరక్కుండా పక్క వీధిలో ఆ రెండో కుటుంబాలుండే వెనకగదులన్నీ నేలమట్టం చేశారు. ఆ తరవాత చేతిలో అట్టా, కాగితాలూ పట్టుకుని ఎవరు కనిపించినా మిషనక్క మిషన్ ఆపేసేది. పొద్దస్తమానం టకటకలాడే చప్పుడు ఆగిందంటే, వెనకగదుల్లో ఉన్నవాళ్ళు లోపల గడియ పెట్టుకుని ఊపిరి బిగబట్టేవారు. కాలం గడిచేకొద్దీ అలాంటివాళ్ళు ఒక్కొక్కరే వేరే చోట్లకు పోయారు. మిగిలింది మిషనక్క వెనకగది ఒక్కటే. అందులో ఆమె చెల్లెలు, గోడలకు రంగులు వేసే మరిది, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు ఉంటారు. ఆ పిల్లలు నడక కంటే ముందు నేర్చుకున్నది నోరు మూసుకోవడం.

ఇలా ఉండగా ఆ వీధికి మంచిరోజు వచ్చింది. పాత ఇళ్ళు తీసేసి, అక్కడే, ఆ మనుషులకే నాలుగంతస్తుల ఇళ్ళు కట్టిస్తామన్నారు. ప్లాను గీయడానికి ఒక అమ్మాయి వచ్చింది. రాగానే, "ఇళ్ళు మీవి, మీరే కొలవండి, మీరే చెప్పండి," అని సుద్దముక్కలు పంచిపెట్టింది. సుద్దముక్కలైతే ఉన్నాయి గానీ టేపు ఎవరి దగ్గరుంది? మిషనక్క మెడలో ఉంది. దాంతో వీధిని కొలిచే పని ఆమె మెడకే పడింది.

నిజం చెప్పాలంటే ఆమె ఆ పని గొప్పగా చేసింది. నలభై ఆరు ఇళ్ళు, గుమ్మాలతో సహా. జాకెట్టు కొలతలు తీసినట్టు అంగుళం పొల్లు పోకుండా. బల్లంత కాగితం మీద పటం తయారైంది. దాని చుట్టూ కూర్చుని మాటలు మొదలయ్యాయి. వాన నీళ్ళు డాబాల మీంచి భూమిలో తొట్టిలోకి దిగాలి. పాత ఇటుకలు పారెయ్యకుండా పడమటి గోడకు వాడి దాన్ని మందంగా కడితే ఎండాకాలం ఇళ్ళు ఉడకవు. తోపుడుబండి వాళ్ళకి కింది అంతస్తు. బట్టలారేసుకునే చోటు ప్రతి అంతస్తులోనూ ఉండాలని మిషనక్క పట్టుబట్టి సాధించింది. "కిటికీ ఎక్కడ పెట్టాలో నన్నడగండి, పదకొండేళ్ళుగా గాలి కోసం అరుగు మీద కూర్చున్నదాన్ని," అంది. ప్లాను అమ్మాయి నవ్వి, అలాగే గీసింది.

తప్పు జరిగింది తన ఇంటి దగ్గర. సొంత ఇల్లు కొలిచేటప్పుడు, ఇళ్ళు కట్టించే ఆఫీసు గుమాస్తా వెనకే నిలబడి ఉన్నాడు, చేతిలో అట్ట, కాగితాలు. మిషనక్క చేతిలో టేపు ఆగిపోయింది. "ఈ వెనకది ఏంటమ్మా?" అన్నాడతను మామూలుగానే. "సామాన్ల గదండీ," అంది ఆమె. అతను అదే రాసుకున్నాడు. పటంలోనూ అదే పడింది.

ప్లాను అమ్మాయికి నిజం రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూనే మూడు నెలలు గడిచాయి. ఈలోగా చెల్లెలు రోజూ అడిగేది. "అక్కా, మన రెండిళ్ళూ ఒకే అంతస్తులో ఉంటాయా? పిల్లలు నీ దగ్గరే పడుకుంటామంటున్నారు." మిషనక్క దారం కొరుకుతూ, "చూద్దాంలేవే," అనేది. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్నట్టుంది ఆమె పని.

సంతకాల రోజు బడి గదిలో అందరూ చేరారు. తన చిన్నపిల్లకి జ్వరమని చెల్లెలు రాలేదు. గుమాస్తా నలభై ఆరు కుటుంబాల పేర్లూ చదివి, కాగితం మడిచి, ఒక మాట అన్నాడు. "ఇందులో లేనివాళ్ళకి ఇల్లు లేదు. ఎవరైనా తప్పుడు వివరం ఇచ్చినట్టు తేలితే, వాళ్ళ ఇల్లు కూడా రద్దు."

మిషనక్క ఊరుకుంటే తన ఇల్లు తనకి ఉంటుంది, చెల్లెలి సంసారం రోడ్డున పడుతుంది. నోరు విప్పితే ఇద్దరికీ ఇల్లు పోవచ్చు. తోపుడుబండి ముసలాయన ముందుగా వేలిముద్ర వేయడానికి లేచాడు. అతను వేలికి సిరా రాసుకుని కాగితం మీద ఆనించేలోగా ఆమె లేచి నిలబడింది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు.

"మా వెనకగదిలో నలుగురున్నారండీ," అంది. గొంతు చీమ గొంతులా వచ్చింది. "సామాన్లని నేను అబద్ధం చెప్పాను."

"ఇప్పుడు మా అందరివీ ఆపేస్తారా?" అని ముసలాయన వేలి సిరా అలాగే పెట్టుకుని అడిగాడు. ఎవరివీ ఆగవని ప్లాను అమ్మాయి అంది. గుమాస్తా మాత్రం మిషనక్కకే చెప్పాడు. "మనిషొచ్చి చూస్తాడు. గదిలో సంసారం కనబడితే రాసుకుంటాడు. కనబడకపోతే నువ్వు ఇప్పుడు చెప్పేదీ అబద్ధమే. అప్పుడు నీ ఇల్లూ ఉండదు."

ఇంటికెళ్ళి చెల్లెలికి ఈ సంగతి చెప్పాలి కదా. చెప్పలేదు. అంతమందిలో నిలబడి చెప్పగలిగింది గానీ, తోడబుట్టినదాని ముఖం చూసి 'నిన్ను సామాన్లలో రాశాను' అనడానికి నోరు రాలేదు. ఎలాగూ వచ్చేముందు కబురంపుతారు, అప్పుడు చెప్దామనుకుంది. జ్వరం పిల్లతో చెల్లెలు గది దాటలేదు, వీధివాళ్ళూ అక్కే చెప్పుకుంటుందిలే అని ఊరుకున్నారు.

కబురేమీ రాలేదు. మూడోరోజు పొద్దున కాలరు కుడుతుండగా తలెత్తితే, ఎదురుగా అట్టా కాగితాలతో ఒకతను. ఆమె కాలు తనంతట తనే ఆగిపోయింది. మిషన్ చప్పుడు ఆగింది. ఏం చేసిందో తెలిసొచ్చేసరికి వెనకగది గడియ పడిన చప్పుడు వినిపించింది.

అతను తలుపు తట్టాడు. లోపల అలికిడి లేదు. "ఎవరూ లేరేమో," అని పెన్ను తీశాడు.

"ఉన్నారండీ, ఒక్క నిమిషం," అంటూ మిషనక్క తలుపు మీద పడింది. "నేనేనే, తియ్యి." గడియ కదల్లేదు. నా గొంతు విన్నా తియ్యొద్దు, లెక్కపెట్టేవాళ్ళు పక్కనుండి పిలిపించొచ్చు అని నేర్పింది తనే. ఆ మనిషి గడియారం చూసుకుంటున్నాడు. ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

ఇక దాచడానికేం మిగల్లేదు. చెంప తలుపుకి ఆనించి, వీధికంతా వినబడేలా చెప్పింది. "చెల్లీ, భయపడి పటంలో మీ గదిని సామాన్ల గది అని రాయించానే. మీకు ఇల్లు లేదు. మూడు నెలల నుంచీ నీకు చెప్పలేదు. మొన్న మీటింగులో ఒప్పుకున్నాను. ఇతను మిమ్మల్ని రాసుకోవడానికే వచ్చాడు. నామీద ఒట్టు, తియ్యవే."

గడియ జారింది. చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది, జ్వరం పిల్ల భుజం మీద, పెద్దది కొంగు పట్టుకుని. అక్క వైపు చూడలేదు.

"ఎంతమంది ఉంటారమ్మా ఈ గదిలో?" అని అడిగాడతను.

"నలుగురమండీ," అంది చెల్లెలు. గుమ్మానికి అడ్డు తప్పుకుని లోపలికి దారిచ్చింది. "వచ్చి చూసుకోండి. సామాన్లేమీ లేవు."

అతను నాలుగు అని రాసుకున్నాడు.