ఆటలో చచ్చిపోయిన సుంకమ్మ

ఎమ్మిగనూరులో మా వీధి ఉమామహేశ్వర శానా నిదానస్తుడు. పెండ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే మర్నాడు వచ్చి చెప్పినాడు. అట్లాంటోని మగ్గం మాత్రం ఏనాడూ ఆగదు. మొన్న పొద్దున ఆగింది. నాకు ఊరుకోబుద్ధి కాక పోయి చూస్తిని.

మగ్గం గుంతలో ఉత్త చేతులతో కూర్చోనుండాడు. కండెలు చుట్టాల్సిన పెండ్లాం సుంకమ్మ రాట్నం పక్కకు జరిపి చిక్కుడుకాయలు గిల్లుతాంది.

“ఏమైంది మ్మే?”

“ఆయప్పనే అడుగు పెద్దమ్మా. నన్ను చంపేసినాడంట.”

సంగతంతా మూలనున్న కంప్యూటరుది. సుంకమ్మ తమ్ముడు ఆదోనిలో నెట్ సెంటర్ మూసేసి దాన్ని ఈడ పెట్టిపోయినాడు. అందులో ఒక యుద్ధం ఆట. పులిజూదం మాదిరి మనం మన సిపాయిలను జరపాల, తర్వాత శత్రువుల వంతు. ఉమామహేశ్వర ఆ సిపాయిలకు మా వీధోళ్ల పేర్లు పెట్టుకున్నాడు. అంగడి గంగాధరం శెట్టి గుండ్లు పొదుపుగా వాడతాడని మందుగుండు మూట ఆయనకిచ్చినాడు.

“ఏముందప్పా దాంట్లో అంత?” అంటి.

“అది మనకోసం కాచుకోనుంటాది పెద్దమ్మా. జానెడు గుడ్డ నేసొచ్చినా ఏమనదు. కార్ల ఆటలో రెప్ప వేస్తే గోడకు కొట్టుకుంటావు.”

“మరి లోపమే లేదా?”

“లేకేమి. శత్రువులు ఒక్కొక్కడే నడిచొచ్చే లోపల కాఫీ చల్లారిపోతాది. తప్పకుండా తగుల్తాదన్న గుండు గోడకు తగుల్తాది. చచ్చినోళ్లు మళ్లీ లేయరు.”

సుంకమ్మ వంతెన కాడ చచ్చింది. ఆమె లేకుండానే ఈయన గెలుచుకుంటా కోట వాకిలి దాకా పోయినాడు. వంతెన కాడికి పోకముందు దాకా ఆడింది కంప్యూటర్లో దాచిపెట్టినాడు గానీ, మళ్లీ ఆడినుంచి మొదలుపెడితే ఆ తర్వాత గెలిచిందంతా పోతాది.

“ఇంకొక్క యుద్ధమే పెద్దమ్మా,” అన్నాడు బేలగా.

“నేను లేకుండా కోట దాకా పోయినోడు, కండెలు కూడా నేను లేకుండానే చుట్టుకోమను.”

“నా సంగతేమప్పా, నేనన్నా ఉండానా?” అంటి.

“దిట్టంగా ఉండావు. అందరికంటే ముందర పోయి తొంగిచూసే పని నీది.”

సుంకమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. మొగునివైపే తిరిగి అడిగింది. “మరి నన్ను యాడ పెట్టినావు?”

ఎప్పటిలాగే శానాసేపు ఆలోచించినాడు.

“నా పక్కనే. నాకు తగలాల్సింది నీకు తగిలింది.”

ఆయన గుంతలోంచి లేచిపోయి వంతెనకు ముందర దాచిన ఆట తెరిచినాడు. సుంకమ్మ చిక్కుడుకాయల చాట పట్టుకొనే వెనక నిలబడింది.

“ఈసారి నీ పక్కన వద్దు. ఆ మిద్దె మీదికి ఎక్కించు. ఆడినుంచి అందరూ కనపడతారు.”

మిద్దె మీదినుంచి సుంకమ్మ కాలుస్తాంటే అందరమూ వంతెన దాటితిమి. మధ్యాన్నానికి మగ్గం చప్పుడు మా ఇంటిదాకా వినపడింది.

కోట ఇంకా దూరముండాది. నేను రోజూ పోయి బతికుండానో లేదో చూసుకొని వస్తాండా. నిన్న నాకు భుజంలో గుండు తగిలింది. సుంకమ్మే పరిగెత్తుకొచ్చి కట్టు కట్టింది.