ఓడలో బెజవాడ గడియారం

భవానీపురంలో మా పక్కింటి రిటైర్డ్ ఇంజనీరు గారు అప్పట్లో భార్యతో కలిసి నాలుగు నెలలు ఓడలో ప్రపంచం చుట్టి వచ్చారు. మాట్లాడినంతసేపూ చేతి గడియారాన్ని వేలితో తట్టడం ఆయన అలవాటు. రాహుకాలం లెక్క తప్పిపోతుందని ఏ సముద్రంలోనూ దాని ముల్లు తిప్పలేదట, బెజవాడ టైములోనే ఉంచారట. చదివింది సైన్సు, నమ్మింది పంచాంగం!

ఆవిడ సోషల్ టీచరు. ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద పిరమిడ్లు గీసి పాఠం చెప్పారు. వాటిని కళ్ళారా చూడాలనే ఓడెక్కారు. ఈజిప్టు రేవులో శుక్రవారం పొద్దున ఏడింటికి పిరమిడ్లకు బస్సు. ఆయన గడియారంలో అప్పుడు పదిన్నర, రాహుకాలం మొదలు. భార్యను కేబిన్ గడప దాటనివ్వలేదు. బస్సు వెళ్ళిపోయింది.

"రాహుకాలం లెక్కే సూర్యోదయాన్ని బట్టి కదండీ. ఈజిప్టులో బెజవాడ పొద్దు పొడుస్తుందా?" అని అడిగాను.

ఆయన గడియారం తట్టారు. "ఊరు మారితే మన జాతకం మారుద్దా మాస్టారూ? క్షేమంగా వచ్చామా లేదా?"

"ఓడ ఊగినప్పుడు మీ వాంతులు మాత్రం ఏ కాలమూ చూసుకోలేదు" అంటూ ఆవిడ ఆల్బం నా చేతిలో పెట్టారు. ఈజిప్టు పేజీలో ఒకే ఫోటో ఉంది. కేబిన్ కిటికీలోంచి తీసిన బస్సు వెనక భాగం.

"పిరమిడ్లు ఆ బస్సు వెళ్ళిన వైపే ఉంటాయట, అన్నయ్యగారూ" అన్నారు.