మూడో పాఠం దగ్గర ఆగిపోయే కంప్యూటర్

తొంభైల చివర మేము హిందీ ప్రాంతంలో, ఫ్యాక్టరీల మధ్య ఉండే బీర్‌గావ్‌లో ఉండేవాళ్లం. మా ఆయన పక్కనే ఉన్న ఉర్లాలో ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగి. మా వీధి తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ అక్షరం ముక్క రాదు. బడిలో అంతా హిందీయే. వాళ్ల కోసం నేనే ఒక వాచకం తయారు చేయాలని ఇంట్లో ఉన్న కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

అది ఆన్ చేస్తే తెర రావడానికి ఒక కుక్కర్ దించేంత సేపు పట్టేది. వచ్చాక అరగంట పనిచేసి, హఠాత్తుగా తెరంతా నీలంగా మారి బిగుసుకుపోయేది. మూడో పాఠం రెండుసార్లు అలాగే పోయింది. రెండోసారి ఏడుపొచ్చింది.

నగరంలోని తెలీబంధా నుంచి వచ్చిన మెకానిక్ మూత కూడా తీయలేదు. "మదర్‌బోర్డ్ గయా, మేడమ్. నయా లేనా పడేగా" అన్నాడు. చూడకుండానే కొత్తది కొనమంటాడేమిటని నాకు రోషం వచ్చింది. అతన్ని పంపేశాను.

మా మామగారు రైల్వేలో ఇంజన్లు బాగుచేసి రిటైరయిన మనిషి. కంప్యూటర్ని ముట్టుకునేవారు కాదు. ఆ రోజు మాత్రం కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు.

"ఎప్పుడెప్పుడు ఆగిపోతందో రాసుకున్నావేటమ్మా?"

"లేదు మావయ్యా."

"మరెలాగ దొరుకుతాది? ముందు రాయి. ఆనక ఒక్కోటీ మార్చి సూడు. ఒక్కపాలే రెండు మార్చీసినావంటే ఏది బాగుసేసిందో తెల్దు."

వారం రోజులు నోటు పుస్తకంలో రాశాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గంటకు పైగా నడిచేది. మధ్యాహ్నం ఇరవై నిమిషాలకే ఆగేది. నేను ఏ పని చేస్తున్నానన్నదానితో సంబంధం లేదు. ఆ పేజీ చూసి మామగారు ఒకే మాట అన్నారు: "వేడెక్కిపోతంది."

ప్లగ్గు పీకి, మూత విప్పాం. లోపల చిన్న ఫ్యాన్ రెక్కలు కనిపించనంతగా నల్లటి ఫ్యాక్టరీ మసి పేరుకుపోయి ఉంది. రోజూ కిటికీ గట్టు మీద తుడిచే మసే అది. లోపలికీ పోతుందని నాకు తట్టనే లేదు. పెయింటింగ్ బ్రష్‌తో నెమ్మదిగా దులిపాను. ఆయన టార్చి పట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఒక్కసారి కూడా ఆగలేదు. కానీ మొదలవడం మాత్రం ఎప్పటిలాగే నత్తనడక.

ఇక దాని వెంట పడ్డాను. ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములను ఒక్కొక్కటే ఆపి చూశాను. పెద్దగా తేడా లేదు. నాలుగో రోజున ఫాంట్ల ఫోల్డర్ తెరిచి నోరెళ్లబెట్టాను. వాచకానికి అందమైన అక్షరాలు కావాలని ఎవరో ఇచ్చిన సీడీలోని ఫాంట్లన్నీ నేనే గుమ్మరించాను. వందలు! ఈ తప్పు మసిది కాదు, నాది. మామగారికి చెప్పడానికి సిగ్గేసినా చెప్పాను.

"ఇంజన్‌కి అక్కర్లేని పెట్టెలు తగిలించీసినావు" అని నవ్వారు.

మూడు తెలుగు ఫాంట్లు, ఇంకా అవసరమైనవి కొన్ని ఉంచుకుని మిగతావి తీసేశాను. మళ్లీ ఆన్ చేస్తే, నేను స్టూలు సర్దుకునేలోపే తెర వచ్చేసింది.

మూడో పాఠం మళ్లీ మొదటి నుంచి కొట్టాను. ఈసారి ప్రతి పేరాకీ సేవ్ చేస్తూ. ఆ వేసవిలోనే ముప్ఫై రెండు పేజీల వాచకం పూర్తయింది. జిరాక్స్ తీయించి, కుట్టి, పదకొండు మంది పిల్లలకు పంచాను.