అడ్డపొగ మానిన వదిన

మొన్న కాఫీ పళ్ళు కోయడానికి బయల్దేరితే మా వదిన నాకంటే ముందు గట్టెక్కేసి, పైనించి "ఏటే, అక్కడేటి సేత్తన్నావు, బేగి రా!" అని కేకేసింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిడ అంత మాట ఒక్క ఊపిరిలో అనగలదని కొన్నేళ్ళ కిందట మా ఇంట్లో ఎవరికీ ఆశ లేదు.

మా అరకు కొండల్లో ఆడవాళ్ళ అడ్డపొగ సంగతి నా వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుని పెదవులు బిగిస్తే గాలికీ వానకీ ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. అమ్మ పోయాక నన్ను పెంచిన వదిన అలాగే తిరగలి ముందు కూర్చుని అంబలికి చోళ్ళు విసిరేది, అలాగే నాకు జడ వేసేది.

అరవై దాటాక ఆవిడకి ఆయాసం పట్టుకుంది. గట్టెక్కడం మానేసింది, తరవాత బిందె ఎత్తడం మానేసింది, చివరికి తల దువ్వుకుంటూ కూడా మధ్యలో ఆగిపోయేది. విశాఖలో డాక్టరమ్మ స్కానింగ్ చూసి ఎంఫిసీమా అంది. ఊపిరితిత్తుల్లో గాలిసంచులు సాగి పాడైపోయి, పీల్చిన గాలి బయటికి రాలేక లోపలే ఉండిపోతోందట. కొందరికి గొట్టం దించి చిన్న వాల్వులు పెడతారట, మరీ ముదిరితే కొందరికి ఊపిరితిత్తులే మారుస్తారట, వదినకి మాత్రం పాడైందంతా పైభాగంలోనే ఉంది కనక ఆ ముక్క తీసేస్తే మిగిలినదానికి చోటు దొరుకుతుందట. అయితే పొగతాగేవాళ్ళకి ఆ ఆపరేషను చెయ్యరు. సిగరెట్టు, బీడీ తాగుతావా అని అడిగితే వదిన ఎంత రోషంగా లేదందో! పక్కనే ఉన్న నాకూ అది అబద్ధమని తోచలేదు. మా లెక్కలో పొగతాగడం మగాళ్ళ పని, అడ్డపొగ తాంబూలం లాంటిది.

రక్తపరీక్షలో పొగాకు జాడ కనబడి గుట్టు బయటపడింది. డాక్టరమ్మ నోరు తెరిపించి, మచ్చలు తేలిన అంగిలి చూసి, మానేసి కొన్ని నెలలయ్యాకే మళ్ళీ రమ్మంది. ఆ నెలలు వదిన తట్టుకుంటుందా, అన్నాళ్ళు ఊపిరి నిలుస్తుందా అని అన్నయ్య బెంగపెట్టుకున్నాడు. "నా నోట్లో నిప్పు నానెట్టుకుంటే ఆలకేటి?" అని వదిన రైల్లో దారంతా గొణిగింది.

కానీ మానేసింది. వేయించిన చింతపిక్క బుగ్గన పెట్టుకుని, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా ఊదమన్న వ్యాయామం తిట్టుకుంటూనే చేసింది. తోటి ఆడవాళ్ళు ఆవిడ ఎదుట చుట్ట వెలిగించడం మానుకున్నారు. ఆపరేషనయ్యాక డొక్కలో గొట్టంతో పడుకున్న మనిషిని చూసి నేను బెంబేలెత్తిపోయాను గానీ, ఆవిడ గట్టిది, లేచి కూర్చుంది. జబ్బు పూర్తిగా పోలేదు, ఇన్‌హేలర్ ఇంకా కొంగున ఉంది, అయినా మా మనిషి మాకు దక్కింది.

ఇప్పుడు తోటలో వయసు ఆడపిల్లలెవరూ అడ్డపొగ వేయరు, కోత సాగినంతసేపూ కబుర్లే. వాళ్ళందరినీ మించి మా వదిన వాగుతుంది, ఇంత మాటకారి అని నాకు ఈ వయసులోనే తెలిసింది. మా చిన్నప్పుడు ఆ కాఫీ మొక్కల వరసల్లో అలికిడి ఉండేది కాదు, ఆడవాళ్ళు నెమ్మదస్తులు కాబోలనుకునేదాన్ని. నోట్లో నిప్పు పెట్టుకుని ఎవరు మాట్లాడగలరు! అమ్మా ఆ వరసల్లోనే ఉండేది. ఆవిడ గొంతు ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రాదు.