ఉస్తాద్ పెట్టిన సున్నం చుక్కలు

మొన్న జగిత్యాలలో ఒక కొత్త కాంప్లెక్సు కిటికీకి టేపు పట్టి కొలుస్తుంటే పక్క అద్దం మీద థప్పుమని చప్పుడైంది. ఆ చప్పుడు ఒకసారి విన్న చెవికి మళ్లీ చెప్పనక్కరలేదు. కింద గువ్వ పడి ఉంది, మెడ వాలిపోయింది. వాచ్‌మన్ దాన్ని చీపురుతో పక్కకు నెట్టి, "రోజు పడుతనే ఉంటయి సార్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ కోపపడే హక్కు నాకెక్కడిది? గఫూర్ ఉస్తాద్ గుర్తొచ్చాడు.

కోరుట్లలో ఆయనది అద్దాల దుకాణం. మా తాత, నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసినవాళ్లు. డిగ్రీ చదివి ఊరికే తిరుగుతున్న నన్ను పిలిచి, అద్దం కోయడం నేర్పింది ఆయనే. గీత సరిగా పడలేదని రెండోసారి గీయబోతే చేయి పట్టుకునేవాడు. "ఒక్కసారే గియ్యాలె బేటా. మల్ల మల్ల గీస్తె పగుల్తది." పెద్ద అద్దం బిగిస్తే మిగతావాళ్లు మనుషులు గుద్దుకోకుండా ఇంటూ గుర్తు వేస్తారు. ఈయన సున్నంలో వేలు ముంచి, బయటివైపు నాలుగు వేళ్ల ఎడానికొకటి చొప్పున అద్దం నిండా చుక్కలు పెట్టేవాడు, పిట్టల కోసం. నేను నవ్వితే కసురుకున్నాడు. "మనకైతె అది అద్దమని ఎరుక. పిట్టకెట్ల ఎరుక? అండ్ల చెట్టు కనవడ్డది, పోయింది. మనం బిగిచ్చినం, అది సచ్చింది."

సిరిసిల్లలో ఒక బట్టల షోరూము ఆయన నాకు ఒంటరిగా అప్పజెప్పిన మొదటి పెద్ద పని. రెండంతస్తుల అద్దం, ఎదురుగా వేపచెట్టు, దసరా నాడు ప్రారంభం. పిట్టలకు కనబడే స్టిక్కర్లు హైదరాబాదు నుంచి రావాలి. అవి వచ్చేదాకా తను పెట్టిన సున్నం చుక్కలు ముట్టవద్దని గట్టిగా చెప్పి వెళ్లాడు. పండుగ పొద్దున అద్దం ముందు నిలబడ్డాను. అంత మంచి పని అదివరకు నా చేతుల మీద జరగలేదు, దాని నిండా తెల్ల మచ్చలు. "పండుగ పూట గీ మరకలేందిరా?" అన్నాడు షోరూము షేటు. గట్టిగా కూడా అనలేదు. నేనే తడిబట్ట తీసుకుని నిచ్చెన ఎక్కాను. తుడిచాక ఆకాశం, వేపచెట్టు ఉన్నవి ఉన్నట్టు అద్దంలోకి దిగాయి. మురిసిపోయాను, సిగ్గులేనివాణ్ని.

సాయంత్రం జమ్మికి బయలుదేరిన జనానికి వేపకొమ్మ మీద పాలపిట్ట కనబడింది. దసరా నాడు దాన్ని చూస్తే ఏడాదంతా మంచిదని అందరూ ఆగి దండం పెట్టారు. పిల్లల్ని భుజాల మీదికి ఎత్తి చూపించారు. రెక్కలు విప్పితే ఆ నీలం బాగా కనబడుతుందని ఎవరో చప్పట్లు కొట్టారు. అది లేచి, నేరుగా అద్దంలోని చెట్టు మీదికి పోయింది. జోడించిన చేతులు ఇంకా దిగనే లేదు. షేటు దాని మీద సంచి కప్పించి ప్రసాదం పంచమన్నాడు, జనం తీసుకున్నారు.

మర్నాడు ఉస్తాద్ వచ్చాడు. "ఎవలు తుడిచిండ్రు?" అని నన్ను అడిగాడు.

"షేటు మనుషులు" అన్నాను. అంత సులువుగా వచ్చింది నోట్లోంచి.

ఆయన బజారులో నిలబడి షేటును కడిగేశాడు. షేటు నా వైపు వేలు చూపించి, "నీ మనిషే తుడిచిండు, అడుగు" అన్నాడు. ఉస్తాద్ నన్ను అడగలేదు, కనీసం నా ముఖం వైపు తిరగలేదు. "మావోడు తుడువడు" అన్నాడు. నేను పక్కనే నేల చూస్తూ నిలబడ్డాను. గొడవ మనిషని పేరు పడి, ఆ తర్వాత సిరిసిల్లలో ఎవరూ ఆయనకు పని ఇవ్వలేదు.

ఇప్పుడు నా దుకాణం నుంచి చుక్కలు లేకుండా ఏ అద్దమూ పోదు. మంచి మనసు అని మెచ్చుకుంటారు. వింటుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. పోయిన ఏడు ఉస్తాద్ చనిపోయాడు. నలభయ్యో రోజున వాళ్లింటికి వెళ్తే ఆయన కూతురు సాజిదా నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "అబ్బా ఆఖరిదాక నీ ముచ్చటే తీసిండన్నా. 'నా ఎంబడి ఉండవట్టి, పాపం, వాని మీద ఉత్తగ నింద పడ్డది' అని బాధపడేటోడు."

నిజం చెబుదామనే నోరు తెరిచాను.

"గదేం లేదమ్మా, నేనెప్పుడో మర్చిపోయిన" అన్నాను.